పక్షవాతమున శీతల చికిత్స: ఆశయు, అనుభవమును

మానవ శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే తూగు మెదడు, ఆ శరీరము పీల్చుకొను ప్రాణవాయువులో ఇంచుమించు ఐదవ వంతును తానే వినియోగించుకొనుచున్నది. కండరములు కొంత సేపు కొఱతకు ఓర్చుకొనగలవు. కాలేయము చక్కెరను తన యందు నిలువ చేసికొనగలదు. మెదడునకు మాత్రము చెప్పుకొనదగిన నిలువ యేదియు లేదు. గుండె పంపిన రక్తము ఎప్పటికప్పుడు తెచ్చి యిచ్చిన దానితోనే అది బ్రతుకవలెను. అట్టి మెదడునకు రక్తమును చేర్చు ధమనులలో నొకదానికి నెత్తురు గడ్డ అడ్డుపడగా, అంతవఱకు నవ్వుచు మాటలాడుచున్న మనుష్యుని మూతి ఒక ప్రక్కకు వంకరపోయి, చేయి లేపబోయిన లేవక, నాలుక తడబడి, ఇంటిల్లిపాదియు కలవరపడునట్టి ఆ విపత్తునే మనవారు పక్షవాతమనియు, నేటి వైద్యులు బ్రెయిన్ స్ట్రోక్ అనియు వ్యవహరించుచున్నారు. రక్తనాళము చిట్లి లోపల నెత్తురు స్రవించుట వలన వచ్చునది మఱియొక విధము. కాని రోగులలో అత్యధికులకు వచ్చునది గడ్డ అడ్డుపడు విధమే కావున, ఈ వ్యాసము ముఖ్యముగా దానిని గూర్చియే.

ధమని మూసికొనిన పిమ్మట గడచు ప్రతి నిమిషమునకును మెదడు చెల్లించు మూల్యమెంతయో, అమెరికా దేశపు నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ 2006వ సంవత్సరమున లెక్కగట్టి ప్రకటించెను. పెద్ద ధమని మూసికొని చికిత్స యందని సగటు రోగి, నిమిషమునకు 19 లక్షల నాడీకణములను, ఆ కణములను ఒండొంటితో కలుపు 1,400 కోట్ల సంధిస్థానములను కోల్పోవునని ఆయన గణనము. సహజమైన వార్ధక్యము మూడున్నర సంవత్సరములకు పైగా చేయు నష్టమును, ఈ వ్యాధి ఒక్క గంటలో చేయగలదని దాని ఫలితార్థము. పక్షవాతమున కాలమును మించిన మందు లేదని వైద్యులు పదే పదే హెచ్చరించుటకు హేతువు ఈ అంకెలలోనే కలదు.

ఐనను ఈ నష్టమంతయు ఒక్కసారిగా జరుగదు. జరుగకపోవుటయే మన యదృష్టము. రక్తము పూర్తిగా నిలిచిపోయిన నడిమి భాగము కొలది నిమిషములలోనే నశించును గాని, దాని చుట్టును ఉన్న ప్రదేశమునకు ఇరుగుపొరుగు నాళముల గుండా కొంత రక్తము అందుచునే యుండును. ఆ కొద్దిపాటి రక్తము కణముల ప్రాణమును నిలుపుటకు చాలును; అవి తమ పని తాము చేయుటకు మాత్రము చాలదు. కృష్ణా గోదావరీ డెల్టాలలో కాలువల కొసనుండు శివారు పొలములను చూచినవారికి ఈ స్థితి సులభముగా బోధపడును: వంతు నీరు అందని చేలో పైరు వాడి తలవ్రాల్చి యుండును, ఎదుగదు, ఈనదు, కాని వేరు చావలేదు గనుక, సకాలమున తడి పాఱిన యెడల తేరుకొనును, ఆలస్యమైనచో ఎండిపోవును. మెదడులోని ఇట్టి ప్రాంతమును వైద్యులు పెనంబ్రా యందురు. ఆస్ట్రప్, సీష్యో, సైమన్ అను శాస్త్రజ్ఞులు 1981లో వ్రాసిన వ్యాసముతో ఈ భావన వైద్యలోకమున సుస్థిరమయ్యెను. నేటి పక్షవాత చికిత్స యంతయు ఈ వాడిన భాగమును కాపాడుకొనుటకు చేయు ప్రయత్నమే. గడ్డను కఱగించు మందును మూడు గంటల లోపల ఇచ్చిన యెడల మేలు కలుగునని 1995లో రుజువాయెను. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగెను. 2015లో వెలువడిన ఐదు పరిశోధనలు, తొడ వద్ద ధమనిలో ప్రవేశపెట్టిన సన్నని గొట్టము గుండా మెదడు దాక పోయి గడ్డను లాగివేయు పద్ధతిని స్థిరపఱచినవి. ఇవి రెండును రక్తమును మరల పాఱించు ఉపాయములు.

రక్తము మరల పాఱువఱకు ఏమి చేయవలెను? రోగి పల్లె నుండి పట్టణమునకు చేరు దారిలోను, స్కానింగు జరుగు వేళను, గొట్టము గడ్డను చేరుకొను లోపలను, పెనంబ్రా తఱిగిపోవుచునే యుండును. రక్తపు రాకను పెంచుట వెంటనే సాధ్యము కానప్పుడు దాని యక్కఱను తగ్గించుట సాధ్యము కాదా, మెదడును కొన్ని డిగ్రీలు చల్లపఱచినచో ఆ కణములు మఱికొన్ని గంటలు ప్రాణము నిలుపుకొనవా, అను ప్రశ్న నుండియే పక్షవాతమున శీతల చికిత్స యను ఆలోచన పుట్టినది.

ఈ యూహకు బలమైన శరీరశాస్త్ర ప్రమాణము కలదు. ఉష్ణము ఒక్కొక్క డిగ్రీ తగ్గిన కొలదిని మెదడు వాడుకొను ప్రాణవాయువు నూటికి ఆఱేడు వంతులు తగ్గును. అంతమాత్రమే యైనచో శీతలమునకు ఇంత ప్రశస్తి వచ్చియుండదు. ప్రాణవాయువు అందని నాడీకణము ఒక్క దెబ్బకు చావదు. వరుసగా వచ్చిపడు ఉపద్రవములకు లోనై చచ్చును. మొదట శక్తి చాలక, కణపు పొరలో సోడియము పొటాసియముల రాకపోకలను నియమించు యంత్రాంగము నిలిచిపోవును. అంతట గ్లుటమేట్ అను పదార్థము హద్దు మీఱి వెలువడి పొరుగు కణములను అతిగా ఉద్రేకింపజేయును. ఆ యుద్రేకము వలన కాల్షియము లోపలికి చొరబడి, కణమును లోలోపలనే ఛేదించు ఎంజైములను మేల్కొలుపును. రక్తము తిరిగి పాఱిన పిమ్మట సహితము ఫ్రీ రాడికల్స్ అను తీక్ష్ణపదార్థములు విజృంభించును. ఆ మీద దినముల తరబడి శోథ కొనసాగి, రక్తమునకును మెదడునకును నడుమనుండు రక్షణకవచము సడలి, నీరు ఊరి, మెదడు ఉబ్బును. వీనిలో ఏదో యొక మెట్టును అడ్డగించుటకై తయారైన మందులు, ప్రయోగశాలలో గెలిచి రోగుల విషయమున ఓడిపోయినవి పెక్కులున్నవి. శీతలము అట్లు గాక, ఈ మెట్లన్నింటిని ఏకకాలమున మందగింపజేయును. నాడీశాస్త్రజ్ఞులు దానియందు ఇంతటి మక్కువ చూపుటకు కారణమిదియే.

చలి ప్రాణమును ఎంతవఱకు కాపాడగలదో తెలియజేయు ఉదంతమొకటి వైద్యచరిత్రలో నిలిచియున్నది. 1999వ సంవత్సరము మే నెలలో, నార్వే దేశమున నార్విక్ పట్టణ సమీపమున స్కీయింగు చేయుచున్న స్వీడన్ దేశీయురాలైన యువ వైద్యురాలొకతె అదుపు తప్పి, గడ్డకట్టిన వాగు మీది మంచుపెల్ల క్రింద చిక్కుకొనెను. పెల్ల క్రింద దొరికిన గాలిసందున కొంత సేపు ఊపిరి పీల్చుచు పెనగులాడి, పిదప ఆమె కదలిక మానెను. 80 నిమిషములకు గాని ఆమెను వెలికి తీయుట సాధ్యపడలేదు. హెలికాప్టరులో ట్రామ్సో నగరపు ఆసుపత్రికి చేర్చునప్పటికి గుండె కొట్టుకొనుట లేదు, దేహోష్ణము 13.7 డిగ్రీలకు దిగిపోయియున్నది. వైద్యులు ఆశ వీడక, ఆమె రక్తమును యంత్రము గుండా పాఱించి నెమ్మదిగా వెచ్చజేయగా గుండె మరల కదలెను. నెలల తరబడి కోలుకొని ఆమె తిరిగి తన వైద్యవృత్తిలో ప్రవేశించెను. ఈ ఉదంతమున ఒక సూక్ష్మము కలదు: ఆమె మెదడు ముందుగా చల్లబడినది, రక్తప్రసారము ఆ తఱువాత నిలిచినది. పక్షవాతమున క్రమము తలక్రిందులు. రక్తము ముందు నిలుచును, చల్లదనము వెనుక రావలెను. ఆ వెనుకబాటును పూరించుట ఎంత కష్టమో తెలిసికొనుటకే శాస్త్రజ్ఞులకు ఇన్నేండ్లు పట్టినది.

శీతలమును చికిత్సగా ప్రయోగించుట నేటి మాట కాదు. గాయపడినవారిని మంచుతో కప్పిన నెత్తురు కాఱుట తగ్గునని ప్రాచీన గ్రీసు దేశమున హిపోక్రటీసు నాటి వైద్యులే గుర్తించిరి. నెపోలియను సేనలతో 1812లో రష్యాకు పోయిన శస్త్రవైద్యుడు లారే, చలికి కొయ్యబాఱిన సైనికులలో నెగళ్లకు దాపున పరుండినవారే త్వరగా మరణించుచుండుటను గమనించి వ్రాసెను. 1938లో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమున టెంపుల్ ఫే అను శస్త్రవైద్యుడు కేన్సరు రోగులను మంచుతో చల్లపఱచి ఆధునిక శీతల చికిత్సకు నాంది పలికెను. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. డాకౌ నిర్బంధశిబిరమున నాజీలు బందీలను మంచునీటిలో ముంచి చేసిన ఘోరకృత్యములు ఈ విద్యకే తీరని కళంకమును తెచ్చినవి. యుద్ధానంతరము టొరంటో నగరమున విల్ఫ్రెడ్ బిగెలో, దేహమును చల్లపఱచి గుండెను కొలది నిమిషములు ఆపుట సాధ్యమని కుక్కలపై పరీక్షించి 1950లో ప్రకటించెను. 1952 సెప్టెంబరు 2న మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జాన్ లూయిస్, ఒక యైదేండ్ల బాలికను చల్లపఱచి, గుండెను తెఱచి, లోపలి రంధ్రమును కుట్టి, ఆ బిడ్డను ఇంటికి పంపెను. హృదయశస్త్రవిద్యకు తొలిద్వారము తెఱచినది చల్లదనమే యనుట అతిశయోక్తి కాదు.

అయితే ఆ దినములలో దేహమును మిక్కిలి లోతుగా చల్లపఱచెడివారు; దాని వలన గుండెలయ చెడి, రోగకారక క్రిములు చెలరేగి, రోగులు పలువురు నష్టపోయిరి. కొలదిపాటి చల్లదనమే చాలునన్న సంగతి 1987లో మయామీ నగరమున బుస్టో, డీట్రిక్, గిన్స్‌బర్గ్ మొదలగువారు ఎలుకలపై చేసిన ప్రయోగముల వలన వెల్లడియాయెను. రక్తప్రసారము తగ్గిన వేళ మెదడు ఉష్ణమును రెండు మూడు డిగ్రీలు తగ్గించినంత మాత్రమున నాడీకణముల నాశము ఎంతయో తగ్గెను. పిమ్మట ఇరువది యేండ్లు ప్రపంచపు ప్రయోగశాలలలో జరిగిన పరీక్షలను వాన్ డెర్ వార్ప్ మొదలగువారు 2007లో సమీకరించి చూడగా, పక్షవాతము కల్పించిన జంతువులలో చల్లదనము వలన మెదడు దెబ్బతిన్న ప్రదేశము సగటున 44 శాతము తగ్గినట్లు తేలెను. ఇంతటి ఫలితము చూపిన మందు మఱియొకటి అరుదు.

మనుష్యుల విషయమున తొలి జయధ్వానము పక్షవాతమున గాక, గుండె ఆగిన రోగులలో వినవచ్చెను. ఆగిన గుండెను మరల కదలించిన పిమ్మట స్పృహ రాని రోగులను 32 – 34 డిగ్రీల నడుమ ఒక దినము చల్లగా నుంచగా, మెదడు చక్కగా కోలుకొనినవారు నూటికి 55 మంది యనియు, అట్లు చేయని వర్గమున 39 మందియే యనియు 2002లో ఐరోపా వైద్యులు ప్రకటించిరి. మెల్‌బోర్న్ వైద్యులును అదే సమయమున అట్టి ఫలితమునే చూపిరి. నెలలు నిండి పుట్టుకలో ఊపిరాడక మెదడు దెబ్బతిన్న శిశువులను, ఆఱు గంటల లోపల మొదలిడి 72 గంటలు 33.5 డిగ్రీల వద్ద నుంచు చికిత్స, 2005 మొదలు వచ్చిన పరీక్షల వలన సంపన్నదేశములలో ప్రమాణమైపోయెను. ఇక పక్షవాతమును సైతము జయించినట్లే యని పలువురు తలపోసిరి.

ఆ యాశ నిరాధారమైనది కాదు. కోపెన్‌హేగెన్ నగరమున 390 మంది పక్షవాత రోగులను పరిశీలించి 1996లో ప్రకటించిన ఫలితములలో, ఆసుపత్రిలో చేరునాటికి దేహోష్ణము ఒక డిగ్రీ ఎక్కువగా నున్నవారికి దుష్ఫలితము కలుగు నవకాశము రెండింతలకు పైగా నుండెను. వేడి చెఱుపు చేయునని తెలిసినప్పుడు చలి మేలు చేయునని యెంచుట సహజమే కదా. 1998లో హైడెల్‌బర్గ్ వైద్యులు, మెదడు సగభాగము ఉబ్బి మృత్యుముఖమున నున్న 25 మందిని 33 డిగ్రీలకు చల్లపఱచి రెండు మూడు దినములట్లే యుంచిరి. నూటికి ఎనుబదిమంది దాక మరణించు ఆ దశలో 44 శాతము మరణములతో వారు బయటపడిరి. కాని అక్కడనే ఒక చేదు పాఠమును ఎదురాయెను: చల్లగా నున్నంత కాలము అదుపులో నున్న వాపు, తిరిగి వెచ్చజేయునప్పుడు పెల్లుబికి, తల లోపలి పీడనము పెరిగి, ఆ పీడనము చేతనే కొందఱు మరణించిరి. చల్లపఱచుట కంటె వెచ్చజేయుట యందే ఎక్కువ నేర్పు అవసరమని, అది గంటకు డిగ్రీలో స్వల్పభాగము చొప్పున సాగవలెనని నాటినుండి వైద్యులు గ్రహించిరి.

మత్తులో నున్న రోగిని చల్లపఱచుట యొక యెత్తు, మెలకువలో నున్న పక్షవాత రోగిని చల్లపఱచుట మఱియొక యెత్తు. ఆ మంచము వద్ద జరుగునదేమో కొంత దగ్గఱగా చూడవలసియున్నది. తొడ మొదట నున్న సిర గుండా ఒక గొట్టమును లోపలికి పంపి, గుండెకు రక్తమును కొనిపోవు పెద్ద సిరలో దాని కొసను నిలుపుదురు. ఆ గొట్టములో చల్లని సెలైన్ నిరంతరము తిరుగుచుండును. అది రక్తములో కలియదు, తన్ను ఒరసికొనిపోవు రక్తమును చల్లపఱచి వెనుకకు మరలును. మూత్రాశయమునగాని అన్ననాళమునగాని ఉంచిన ఉష్ణమాపకము లోపలి వేడిమిని యెప్పటికప్పుడు తెలుపుచుండును. అంకె 36 దాటి దిగుచుండగా రోగి చర్మములోని నాళములు ముడుచుకొనును. ఇంకొక యర డిగ్రీ దిగునప్పటికి దవడ అదరును, మెడ అదరును, ఆ వణకు భుజములకు ప్రాకి దేహమంతయు వ్యాపించును. వణకు కేవలము బాధ కాదు. అది శరీరము వేడిమిని పుట్టించుకొను ప్రకృతిసిద్ధమైన సాధనము. ఒక వైపు యంత్రము తీసివేసిన వేడిమిని మఱియొక వైపు కండరములు తిరిగి తయారుచేయును. ప్రాణవాయువు ఖర్చును తగ్గింపబూనిన చికిత్స దానిని ఇబ్బడిముబ్బడిగా పెంచును. దీనిని అణచుటకు పెథిడిన్, బస్పిరోన్ అను మందులిత్తురు. అంతేకాక, లోపల రక్తమును చల్లపఱచుచునే పైన చర్మమునకు వేడిగాలి దుప్పటి కప్పుదురు. చర్మము వెచ్చగా నున్నచో మెదడులోని ఉష్ణనియామక కేంద్రము చలి తీవ్రతను తక్కువగా గ్రహించును గనుక వణకు తగ్గును. కాని పెథిడిన్ మత్తును కలిగించును. మత్తులో దగ్గు మందగించును. ఇదివఱకే మ్రింగుట చేతకాని పక్షవాత రోగికి లాలాజలము ఊపిరితిత్తులలోనికి జాఱి న్యుమోనియా పట్టును.

ఈ భయము ఊహ కాదని అంకెలే చాటినవి. 58 మందిపై అమెరికాలో జరిగి 2010లో వెలువడిన యొక పరీక్షలో, చల్లపఱచిన వారిలో సగము మందికి న్యుమోనియా రాగా, చల్లపఱచని వారిలో పదింట నొకరికే వచ్చెను. ఐరోపా దేశములు కలసి 1,500 మందితో తలపెట్టిన యూరోహైప్-1 అను మహాప్రయత్నము, తగినంత మంది రోగులు చేరక, నిధులు చాలక, 98 మందితోనే 2018లో ఆగిపోయెను. లక్ష్యము 34 – 35 డిగ్రీలే యైనను, చల్లపఱుపబూనిన వారిలో మూడవ వంతు మంది యైనను దానిని చేరుకొనలేకపోయిరి. చేరిన రోగులు కొలదిమందియే కావున మేలు కలిగెనో లేదో తేల్చుట సాధ్యపడలేదు. ఉబ్బిన మెదడునకు చోటిచ్చుటకై పుఱ్ఱె యెముకను కొంత తొలగించిన రోగులను, అదనముగా మూడు దినములు చల్లగా నుంచి చూచిన జర్మను పరీక్షలో మేలు కానరాకపోగా ఉపద్రవములే పెరుగుటచే, దానిని 50 మంది వద్దనే నిలిపివేసిరి.

ఎలుకను రక్షించిన చల్లదనము మనుష్యుని యేల రక్షింపలేకపోయినది? ఎలుక బరువు పావుకిలో. దాని దేహము నిమిషములలో చల్లబడును. ప్రయోగమున దానికి మత్తిచ్చుటచే అది వణకదు. ధమనిని మూయుటయు తెఱచుటయు ప్రయోగకర్త చేతిలో నుండుటచే చల్లదనము సరియైన గడియకు అందును. అఱువది డెబ్బది కిలోల మనుష్యునికి పక్షవాతము ఇంటిలో వచ్చును. ఆసుపత్రి చేరుటకే గంటలు గడచును. అతడు వృద్ధుడై, మధుమేహముతోను రక్తపుపోటుతోను ఇదివఱకే క్రుంగియుండును. చల్లపఱచుట మొదలైన పిదప లక్ష్యము చేరుటకు మఱికొన్ని గంటలు కావలెను. కాపాడవలసిన కణములు ఆ లోపల చాలవఱకు మరణించియుండును. కావున సిద్ధాంతము తప్పు కాదు. దానిని సకాలమున, హాని లేకుండ మనుష్యునికి అందజేయు మార్గమే ఇంకను చిక్కలేదు.

అంతేకాదు, విజయము సాధించితిమనుకొనిన చోట్లను శాస్త్రము మరల తఱచి చూచినది. గుండె ఆగిన రోగులలో 33 డిగ్రీలకును 36 డిగ్రీలకును భేదము లేదని 939 మందిపై జరిగిన పరీక్ష 2013లో చూపెను. 33 డిగ్రీలకు చల్లపఱచుట కంటె జ్వరము రాకుండ చూచుకొనుట తక్కువది కాదని మఱింత పెద్ద పరీక్ష 2021లో చూపెను. మన దేశమున, శ్రీలంక, బంగ్లాదేశములలో 408 మంది నవజాత శిశువులపై జరిగి ఆ సంవత్సరమే వెలువడిన హెలిక్స్ పరీక్ష ఇంకను కలవరపెట్టునది: చల్లపఱచిన శిశువులలో 42 శాతము, చల్లపఱుపని వారిలో 31 శాతము మరణించిరి. ఒకచోట మేలు చేసిన చికిత్స మఱియొకచోట కీడు చేయవచ్చును. పరాయి దేశపు ఫలితమును పరీక్షింపకయే మన బిడ్డలకు అన్వయించుట తగదని ఈ పరీక్ష మనకు నేర్పిన పాఠము బహుమూల్యమైనది. తమ యాశకు విరుద్ధమైన ఫలితమును దాచక వెల్లడించిన ఆ పరిశోధకులకు మనము ఋణపడియున్నాము.

ఇంతకును ఈ యన్వేషణ వ్యర్థమాయెనా? కాలేదు. దాని మూలమున ఒక సత్యము స్పష్టముగా మన చేతికి వచ్చినది: పక్షవాత రోగికి జ్వరము ఒక దుర్లక్షణము, దానిని ఉపేక్షింపరాదు. ఈ సత్యమును ఆచరణలో పెట్టి చూపిన ఘనత ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు నర్సులకు దక్కినది. అచ్చటి 19 పక్షవాత విభాగములలో కొన్నింటి యందు మూడు నియమములను కట్టుదిట్టముగా పాటించిరి: మొదటి మూడు దినములు నాలుగు గంటలకొకసారి జ్వరము చూచి, 37.5 డిగ్రీలు తాకిన వెంటనే పారాసెటమాల్ ఇచ్చుట. రక్తములోని చక్కెరను కనిపెట్టి అదుపు చేయుట. మ్రింగగలడో లేదో పరీక్షింపక నోటికి నీరైనను ఇయ్యకుండుట. యంత్రములు లేవు, ఖరీదైన మందులు లేవు. ఐనను 90 దినముల పిమ్మట మరణించిన వారును ఇతరులపై ఆధారపడిన వారును ఆ విభాగములలో నూటికి 42 మంది కాగా, తక్కిన విభాగములలో 58 మంది యైరి. ఈ ఫలితము 2011లో వెలువడెను. మూడు నియమములును కలసి యిచ్చిన ఫలమిది గనుక, ఘనత యంతయు జ్వరనివారణకే కట్టబెట్టరాదు. యంత్రముల సాయముతో ముందుగానే జ్వరము రాకుండ ఆపిన యెడల రోగి మఱింత బాగుపడునేమో యని 677 మందిపై చేసి 2024లో ప్రకటించిన పరీక్షలో జ్వరము తగ్గినది గాని, రోగుల స్థితిలో భేదము కనబడలేదు. జాగరూకతతో కూడిన శుశ్రూష వలన కలిగిన మేలు యంత్రమొక్కదాని వలన సిద్ధింపలేదని దీనిని బట్టి గ్రహింపవచ్చును.

శీతలముపై ఆశను శాస్త్రజ్ఞులు విడిచిపెట్టలేదు. విడువవలసిన పనియు లేదు. గడ్డను లాగివేయు పద్ధతి స్థిరపడిన తఱువాత పరిస్థితి మాఱినది. ఎలుకలలో మంచి ఫలితము వచ్చినది ముఖ్యముగా, కొంత సేపు మూసిన ధమనిని తిరిగి తెఱచిన ప్రయోగములలో. నేడు మనుష్యునిలోను ధమనిని తెఱచుట సాధ్యమగుచున్నది గనుక, మొదటిసారిగా ప్రయోగశాలకును ఆసుపత్రికిని పోలిక కుదిరినది. పైగా గడ్డను లాగుటకు పంపిన గొట్టమే దెబ్బతిన్న భాగపు ముంగిట నిలిచియుండును. దాని గుండా 4 డిగ్రీల చల్లని సెలైన్‌ను ఇంచుమించు 350 మిల్లీలీటర్లు పంపి, దేహమంతటిని కదలింపకయే ఆ భాగమును మాత్రము చల్లపఱచు పద్ధతిని చీనా వైద్యులు 26 మందిపై ప్రయోగించి, అది నిరపాయముగా సాగినట్లు 2016లో ప్రకటించిరి. చల్లదనము వలన మేలు కలుగుట ఇంకను నిర్ణీతము కాదు గాని, ఇందులో వణకు సమస్య చాలవఱకు తొలగుటయు, మందు కావలసిన చోటికే చేరుటయు గొప్ప సౌలభ్యములు. శీతల చికిత్సకు భవిష్యత్తు ఉన్న యెడల అది ఈ దిశనే యుండునని నా విశ్వాసము.

ఇంతదాక చదివిన పాఠకులకు ఒక హెచ్చరిక యవసరము. చల్లదనము మెదడునకు మేలు అని చదివి, పక్షవాతము వచ్చినవారి తలపై మంచుగడ్డలు పెట్టుటయు, చన్నీళ్లు గుమ్మరించుటయు ఎంతమాత్రము కూడదు. అట్లు చేసిన తల పైచర్మము చల్లబడునే గాని లోని మెదడునకు ప్రయోజనము లేదు. వణకు పుట్టి, రక్తపుపోటు పెరిగి, విలువైన సమయము వృథాయగును. పావురపు నెత్తురు మర్దించుటయు, నాటుమందు తెచ్చుటకు దూరపు ఊళ్లకు పరుగెత్తుటయు మన పల్లెలలో ఇంకను నిలిచియున్న అలవాట్లు. వాని వలన గడ్డ కఱగదు, గడచిన గంటలు తిరిగి రావు. మూతి వంకరపోయినను, ఒక చేయి గాని కాలు గాని పట్టు తప్పినను, మాట తడబడినను, చూపు హఠాత్తుగా చెదరినను, తూలి పడిపోవుచున్నను, అది తెల్లవాఱిన తఱువాత చూచుకొనదగిన వ్యాధి కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదు నుండి ఆరంభమైన 108 సేవ నేడు తెలుగువారి ప్రతి యూరికిని అందుబాటులో కలదు, వెంటనే పిలువవలెను. రోగి చివరిసారి ఆరోగ్యముగా కనబడిన వేళ యేదో గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను; ఆ వేళను బట్టియే గడ్డ కఱగించు మందు ఇయ్యవచ్చునో లేదో నిర్ణయింతురు. నోటికి నీరు గాని, కాఫీ గాని, మాత్ర గాని పెట్టరాదు. ఆస్పిరిన్ గుండెకు మంచిదని విని దానిని ఇచ్చుట ప్రమాదకరము. పక్షవాతము నెత్తురు కాఱుట వలన వచ్చినదో గడ్డ వలన వచ్చినదో సీటీ స్కాన్ తీసిన పిమ్మట గాని తెలియదు. కావున స్కానింగు సదుపాయమున్న ఆసుపత్రికే నేరుగా పోవలెను. ఆసుపత్రిలో నున్న దినములలో రోగికి ఒళ్లు వెచ్చబడినట్లు తోచిన యెడల, మొగమాటపడక నర్సుకు తెలుపవలెను. అది చిన్న విషయము కాదు.

శీతల చికిత్స చరిత్రను తిలకించినచో, ఒక యుక్తమైన ఆలోచన రుజువు కావలసిన దారి ఎంత సుదీర్ఘమో తెలియుచున్నది. మంచులో చిక్కి బ్రతికిన వైద్యురాలు, చల్లబడి గుండె బాగుపడిన బాలిక, సగము నాశము తప్పిన ఎలుక మెదళ్లు, వీనినన్నింటిని చూచిన పిమ్మట గూడ, మనుష్యునికి పక్షవాతమున చల్లదనము మేలని చెప్పుటకు శాస్త్రము తొందరపడలేదు. తొందరపడకుండుటయే దాని ధర్మము. రేపటి వైద్యులు ఈ సాధనమును సరిదిద్ది రోగి చెంతకు చేర్చుదురు గాక. కాని పెనంబ్రాను కాపాడు రెండు ఉపాయములు నేడే మన యందు ఉన్నవి. వ్యాధిని గుర్తించి పరుగెత్తించుట కుటుంబమువారి చేతిలో నున్నది. జ్వరమును, చక్కెరను, మ్రింగుటను కనిపెట్టి కాపాడుట నర్సు చేతిలో నున్నది. ఈ రెంటికిని గొప్ప యంత్రములు అక్కఱలేదు. ప్రతి ఇంటను కొంత తెలిసికొనుటయు, ప్రతి జిల్లా ఆసుపత్రిలోను చాలినంత మంది నర్సులను నియమించి వారికి శిక్షణ నొసగుటయు కావలెను. ఆ శిక్షణకు వెచ్చించు ధనము, తెలుగునాట పక్షవాతముపై ఖర్చు చేయగల సొమ్ములో అన్నింటికంటె సద్వినియోగమగునని నేను నిస్సందేహముగా నమ్ముచున్నాను.